మొక్కలకు కట్టిన తాళ్ళు

మా మేనత్తను నవ్వించడం కష్టం, ఒప్పించడం అంతకన్నా కష్టం. ఆసుపత్రి గోడ వెంట నాటిన మొక్కలకు నీళ్ళు పోసే పని ఆమె అడిగి మరీ తీసుకుంది. అంతకుముందు ఓ ఎండాకాలం, ఆ ఆసుపత్రి గేటు బయట చీటీ వరుసలో మామయ్యను నిలబెట్టి, మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆయన నేలమీద ఉన్నాడు. మళ్ళీ లేవలేదు. అక్కడ నీడ ఉండి తీరాలన్న పంతం ఆమెను అప్పుడే పట్టుకుంది.

ట్యాంకరు డ్రమ్ము నింపిపోతే, బిందెతో మోసి ఒక్కో పాదులో పోసేది. మొదటి గాలివానకు ఓ మొక్క విరిగింది. అంతే, మిగిలినవాటన్నిటినీ కర్రలకు చేర్చి నైలాన్ తాడుతో పీక నొక్కినట్టు కట్టేసింది.

"వదినా, కాండాలు లావెక్కుతున్నాయి. తాళ్ళు కాస్త వదులు చెయ్యి," అన్నాడు ట్యాంకరు డ్రైవరు.

"నువ్వు నీళ్ళు తోలు, చాలు. ఒకసారి వదిలి చూశాలే."

మామయ్య పడిన గేటు వైపు ఓసారి చూసి, డ్రైవరు పైపు డ్రమ్ములోకి వదిలాడు.

గేటు పక్క మొక్క తాడు మాత్రం మాయమైంది. టీకొట్టు ఆవిడ బట్టలారేసుకోవడానికి విప్పుకుపోయింది. అత్త ఊరుకుంటుందా? నడిరోడ్డు మీద ఆవిణ్ణి దుమ్మెత్తిపోసింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ పోయింది. చివరికి ఆ మొక్క మీద ఆశ వదులుకుంది. నీళ్ళు పోయడం మాత్రం మానలేదు.

మొక్కలు మనిషెత్తు దాటాయి. వరుసలో నిలబడ్డవాళ్ళు వాటి నీడలో తలలైనా దాచుకుంటున్నారని అత్త మురిసిపోయింది. బెరడులోకి తాడు ఎంత లోతు దిగిందో పైనున్న ఆకులు చెప్పవు కదా!

ఆ ఏడు వచ్చింది పెద్ద గాలేమీ కాదు. పొద్దున మేం వెళ్ళేసరికి చెట్లన్నీ పడున్నాయి. ఒక్కటీ వేళ్ళతో సహా పెకలి రాలేదు. అన్నీ తాడు కట్టిన చోటే విరిగాయి. అత్త కూలబడి కొడవలి మొనతో ఓ తాడు పెకలించబోయింది. రాలేదు. గేటు పక్కది మాత్రం వంకర్లు తిరిగి నిలబడే ఉంది. దాని కింద ఓ ముసలాయన చీటీ పట్టుకుని నిలబడ్డాడు.

అత్త ఆయన్ని కాసేపు చూసి, లేచి టీకొట్టు వైపు నడిచింది. చేతిలో కొడవలి అలాగే ఉంది. నేను వెనకే పరుగెత్తాను.

టీకొట్టు ఆవిడ వెనక్కి జరిగింది. "వాటి జోలికి నేను పోలేదక్కా, ఒట్టు!"

"అదేనే నా ఏడుపు," అంది అత్త. "మిగతావాటివి కూడా ఎందుకు విప్పుకుపోలేదే?"