అమ్మ పేరున ఉన్న మగ్గాలు

మా ఇళ్ళలో మేనమామకు పిల్లనివ్వడం మామూలే. నన్నూ అమ్మ తన తమ్ముడికే ఇచ్చింది. విడాకులయ్యాక మొగుడైతే పోయాడు గానీ, మేనమామ ఎక్కడికి పోతాడు? ఆ తిరకాసులోనే ఉన్నాం అందరం.

విరుదునగర్ కోర్టు మా పాపకు భరణం ఖాయం చేసినప్పుడు దానికి ఏ జబ్బూ లేదు. తర్వాత షుగర్ అన్నారు. ఏడేళ్ళ పిల్ల! పూటపూటా ఇన్సులిన్ సూది పడితేగానీ బతకదు. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో నాకొచ్చే జీతం సూదులకే చాలదు. భరణం పెంచమని అర్జీ పెట్టాను. మామ ఇంటికి సమన్లు పట్టుకెళ్ళినవాడికి ఎప్పుడూ తాళమే కనిపించేది. లోపల మగ్గాల చప్పుడు మాత్రం వీధంతా వినపడేదట. నాకు కోపం రావాలి కదా? రాలేదు. వాయిదాకు బస్సెక్కడం, సాత్తూరు దాటాక టిఫిన్ డబ్బా విప్పడం, ఉత్త చేతులతో తిరిగి రావడం. పళ్ళు తోముకున్నట్టు చేసుకుపోయాను.

చివరికి వచ్చాడు. మగ్గాలు తనవి కావనీ, అక్కవనీ, తను అక్క దగ్గర కూలికి నేసేవాడిననీ కోర్టుకు రాసిచ్చాడు. కాగితాల ప్రకారం అది నిజమే. తోడబుట్టిన అక్క పేరున మొదలుపెడితే ఏదైనా నిలుస్తుందని మావాళ్ళ నమ్మకం. నా పెళ్ళికి ముందే మగ్గాలన్నీ అమ్మ పేరున రాయించాడు. వాటి మీద అమ్మ ఒక్క రూపాయి చూసింది లేదు. ఓరి నీ తెలివి తెల్లారా, అనుకున్నాను.

జడ్జిగారు అమ్మను పిలిపించమన్నారు. ముందురోజు అమ్మ అన్నం ముట్టలేదు.

"వాని మీద నేను ఎట్ల సెప్పేదే? సంకన ఎత్తుకోని పెంచినానే వాణ్ణి."

"సెప్పొద్దులేమ్మా," అన్నాను. నిజంగానే చెప్పకపోయినా ఫర్వాలేదనిపించింది. అంతగా మొద్దుబారిపోయాను.

మగ్గాలు మీవేనా అని జడ్జిగారు అరవంలో అడిగారు. బోనులోంచి అమ్మ తమ్ముడి వైపు చూసింది. అవునను అన్నట్టు అతను తలాడించాడు.

"నావే సామీ," అంది అమ్మ అరవంలోనే. మా వకీలమ్మ తల పట్టుకుంది. అమ్మ ఇంకా దిగలేదు. "నావి కాబట్టి నేనే చెప్తున్నా. ఈ నెల నుంచి వాటి మీద వచ్చేదంతా నా మనవరాలి మందులకు. నేసేవాడికి కూలి ఇచ్చేస్తాను."

"అక్కా, ఏమి సెప్తుండావు నువ్వు!" అని అతను కోర్టులోనే మా ఇంటి తెలుగులో కేకేశాడు. మగ్గాల రాబడంతా పోవడం కంటే అదే నయమనుకుని, ఆ పూటే భరణం పెంచడానికి ఒప్పుకుని సంతకం పెట్టాడు.

బయట మెట్ల దగ్గర అమ్మ ముందు ఆగాడు. "ఇంక నాకు అక్క లేదు, పో. సచ్చినా నీ వాకిలి తొక్కను," అని వెళ్ళిపోయాడు. నాకు సంతోషం రాలేదు, ఏడుపూ రాలేదు. పాప సూదులకు ఇక దిగులు లేదని మాత్రం తెలిసింది.

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమే, నేను సస్తే పుట్టింటి చీర ఎవురు తెస్తారు?"

మాలో ఆడది పోతే, కాటికి ఎత్తేముందు పుట్టింటి నుంచి అన్నో తమ్ముడో తెచ్చిన చీర కప్పాలి. అమ్మకు ఉన్నది ఆ ఒక్క తమ్ముడే. నేను తెస్తాలే అనబోయి ఆగిపోయాను. కూతురు తెస్తే కప్పరు.