కిటికీ పక్క మంచం

పిల్లల వార్డు తుడిచే ఆయాను అందరూ ప్రార్థనత్త అంటారు. "డాక్టరుగారికంటే ముందు నీ రౌండ్లేనా అత్తా?" అని నర్సులు ఆటపట్టిస్తారు. తడి చేతిని చీరకు రుద్ది వెచ్చబరచుకుని, ఒక్కో బిడ్డ నుదుటిపై ఉంచి ప్రభువును వేడుకుంటుంది. తన కూతురు కన్నుమూసిన కిటికీ పక్క మంచం దగ్గర మాత్రం నేల తుడిచి వెళ్లిపోతుంది. ఒకనాడు ఆ మంచం మీద జ్వరంతో కాలిపోతున్న పిల్లాడిని పడుకోబెట్టారు. "మావాడేం పాపం చేశాడత్తా, దాటిపోతున్నావు?" అంటూ తల్లి ఆమె కొంగు పట్టుకుంది. ప్రార్థనత్త చాలాసేపు చెయ్యి రుద్దుకుని, మోకరించింది.

మర్నాటికి జ్వరం దిగింది. "నీ మొర దేవుడు విన్నాడత్తా!" అంది తల్లి.

"వింటాడమ్మా," అంది ఆమె తుడుపుగుడ్డ పిండుతూ. "నా బిడ్డప్పుడు కూడా విన్నాడు."