మామ అడిగిన లైటు

మా మామ కరీంనగర్ ఆసుపత్రిలో పోయారు. ఆ కబురు వచ్చినప్పుడు నేను ఆయన గాజు తొట్టిలో మంచినీళ్లు పోస్తున్నాను. అంబులెన్సు ఎక్కేటప్పుడు ఆయన అప్పజెప్పిన పని అది. ముక్కు మీది గాలి మూతను పక్కకు జరిపి, నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ, "నీళ్లు తగ్గనియ్యకుర్రి" అన్నారు. ఇప్పుడు ఫోనులో నా భర్త, "బాపు లేడే" అన్నాడు. చెంబు వంచిన చేయి వంచినట్టే ఉండిపోయింది. నీళ్లు ఆయన గాజు మీద గీసిన గీత దాటిన తర్వాత గానీ నాకు తెలివి రాలేదు.

పోయేముందు మామ నన్ను ఒక మాట అడిగారు. నేను జవాబు చెప్పలేదు. అదేమిటో మీకు చెప్పాలంటే ముందు ఆయన సంగతి, ఆ తొట్టి సంగతి చెప్పాలి.

నాది ఆసిఫాబాద్ పక్కన పల్లె. ఏడో తరగతి దాకా చదివాను. మంచిర్యాలకు కోడలిగా పంపే ముందు మా అవ్వ నేర్పిన పాఠం ఒకటే. మామ ముందు నెత్తి మీద కొంగు ఉండాలి, ఆయనకు ఎదురుగా నిలబడొద్దు, ఆయనతో నేరుగా మాట్లాడొద్దు. మరాఠీ వాళ్లతో కలిసి బతికే ఊళ్లు కదా, మా వైపు ఇంకా ఆ పద్ధతి ఉంది. మంచిర్యాలలో ఆ పద్ధతి ఎవరికీ పట్టదు. మా అత్త మొదటి రోజే, "గా ముసుగెందుకే పిల్లా? ఇంట్ల చలి పెడుతుందా?" అని నవ్వింది. అయినా నా నోరు పెగల్లేదు. నా భర్త చంద్రాపూర్ వైపు లారీ నడుపుతాడు. పోతే ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. అత్త పొద్దంతా పక్కింటి వాళ్లతో ముచ్చట్లలో ఉంటుంది. ఇంట్లో మిగిలేది నేను, మామ, ముందు గదిలో ఆ తొట్టి.

మామ బొగ్గు బాయిలో, భూమి లోపలి గనిలో, పనిచేసి రిటైరైన మనిషి. దుమ్ము ఛాతీలో పేరుకుంటే హైదరాబాదులో చూపించుకోవడానికి వెళ్లారట. అక్కడ రోగులు కూర్చునే చోట ఉప్పునీళ్ల తొట్టి, అందులో రాళ్ల మీద పగడాలు. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్ర రాయి అనే నేను కూడా అనుకునేదాన్ని. ఇవి ప్రాణమున్నవి. పూలలాగా విచ్చుకుంటాయి, ముట్టుకుంటే ముడుచుకుంటాయి, వెలుగు తిని బతుకుతాయి. ఆ రోజు సంగతి అత్త ఇప్పటికీ చెబుతుంది. "డాక్టరు పేరు పెట్టి పిలుస్తుండు, గీయన గాజుకు ముక్కు ఆనిచ్చి నిలవడ్డడు. ఏందయ్యా అంటే, 'బాయి లోపల లెక్కనే ఉన్నదే, కాని రంగులున్నయి' అన్నడు. నా మొఖం ఎన్నడన్న గట్ల చూసిండా?"

తిరిగి వచ్చాక ఆయన తొట్టి పెట్టుకున్నారు. కరీంనగర్‌లో చేపలు అమ్మే ఒకాయన దగ్గర పగడపు ముక్కలు తెచ్చుకున్నారు. "సముద్రంల పీకినయి నాకొద్దు, తొట్టిల పెంచినయే ఇయ్యి" అని ముందే చెప్పారట. ఒక నారింజ రంగు చేప కూడా వచ్చింది. దానికి సర్దారు అని పేరు పెట్టారు. బాయిలో కూలీల మీద అజమాయిషీ చేసే మనిషిని సర్దారు అంటారు. ఈ చేపా అంతే. ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగి అన్నిటినీ చూసి వస్తుంది, ఏ పనీ చేయదు.

తొట్టి మీద మొదట ఇళ్లలో పెట్టుకునే తెల్ల ఎల్‌ఈడీ పట్టీ ఉండేది. నేను కాపురానికి వచ్చేసరికి రాళ్లకు గోధుమ రంగు పాచి పట్టి, పగడాలు వెలుగు అందక మెడలు సాచి ఉన్నాయి. "లైటు సాలుతలేదు" అని మామ ఒకరోజు ఫంక్షన్ హాళ్ల ముందు పెట్టే ఫోకస్ లైటు తెచ్చి పైన కట్టించారు. బతుకంతా నెత్తి మీది చిన్న దీపంతో భూమి లోపల నడిచిన మనిషి. వెలుగు ఎక్కువైతే కూడా చెరుపు చేస్తుందని ఆయనకు తోచలేదు. గది పట్టపగల్లా అయింది. ఆయన ముఖం కూడా.

కొన్నాళ్లకు ఆకుపచ్చ పగడం రంగు దిగి, సున్నం కొట్టినట్టు పాలిపోయింది. "మంచిగనే అయినయి, నీలిమందు పెట్టి ఉతికినట్టు" అంది అత్త. మామ నవ్వలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. నీళ్లు చెడ్డాయేమో, ఉప్పు మంచిది కాదేమో అని దుకాణం ఆయనకు ఫోన్లు చేశారు. ఇంటి పని చేసుకుంటూ రోజంతా తొట్టిని చూసేది నేను. రాతి నీడలో ఉన్నవి మాత్రం పచ్చగానే ఉన్నాయని నాకు కనబడుతోంది. చెప్పడానికి నోరు రాదు. ఆయన మందులకు బయటికి వెళ్లినప్పుడు నా పాత పల్చటి చీర కొంగు చింపి, లైటుకు తగలకుండా కింద, తొట్టికి పైన, నాలుగు మూలలా కట్టాను.

మామ వచ్చి చూశారు. నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. కుర్చీ తొట్టి దగ్గరికి లాక్కున్న చప్పుడైంది. తర్వాత ఆయన గొంతు వినబడింది, నాతో కాదు, చేపతో.

"సర్దారూ, గీ బట్ట కట్టినోళ్లకు చెప్పు, నాకన్న వాళ్లకే ఎర్క ఉన్నదని. షిఫ్టు ఇడిసి పైకొస్తే ఎండకు కండ్లు మండుతయి. జర సేపు నీడకు నిలవడి పోయేటోళ్లం. నేనే మర్సిపోయిన."

ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య మాటలు అలా మొదలయ్యాయి. ఆయన చేపతో చెప్పేవారు, నేను పని చేసి చూపించేదాన్ని. "సర్దారూ, ఎండలు ముదిరినయి, నీళ్ల మీద ఫ్యాను తిప్పుమను." నేను తిప్పేదాన్ని. "సర్దారూ, నీళ్లు ఆవిరైతయి గని ఉప్పు పోదు, మంచినీళ్లే పొయ్యమను." పోసేదాన్ని. అత్త విని, "మూగ చేపతోని ముచ్చట్లు పెట్టే మొగడు, మూగ కోడలు. నా నసీబు" అనేది. ఒకసారి చుట్టాలింట్లో ఎవరో, "మీ కోడలుకు మాటలు రావా?" అని నా ఎదురుగానే అడిగారు. మామ తల ఎత్తకుండా, "కొత్తగ తెచ్చినప్పుడు లైటు తక్వ పెట్టాలె. ఒక్కసారే పెంచితె పాలిపోతది" అన్నారు. పగడాల సంగతి ఇక్కడెందుకని వాళ్లు నవ్వుకున్నారు. నేను కొంగు ముందుకు లాక్కుని ముఖం దాచుకున్నాను. అంత సంతోషం ఎవరికి చూపించాలో తెలియలేదు.

ఫోకస్ లైటు తీసేసి, పగడాల కోసమే చేసే లైటు తెప్పించారు. అందులో నీలం వేరు, తెలుపు వేరు. దేన్ని కావాలంటే దాన్ని తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. "నీలం వాటి కడుపుకు, తెలుపు మన కండ్లకు" అనేవారు మామ. తెలుపు ఎక్కువ పెడితే చూడ్డానికి బాగుంటుంది గానీ పాచి పెరుగుతుంది. వారం వారం కొంచెం కొంచెంగా పెంచారు. పాలిపోయిన పగడానికి మెల్లగా రంగు తిరిగి వచ్చింది.

ఈ మధ్య ఆ లైటులో ఒక పక్క దీపాలు ఆరిపోతూ వచ్చాయి. కొత్తది కొనాలి. మామ ఫోనులో రెండు లైట్ల బొమ్మలు తెరిచి, ఫోను తొట్టి పక్కన ఆనించి పెట్టి తాను కుర్చీలో కూర్చున్నారు. ఒకటి పైనుంచి వేలాడేది, చిన్నది. వెలుగు ఒకే చోటు నుంచి పడుతుంది కాబట్టి నీటి అలల నీడలు అడుగున ఇసుక మీద మెరుస్తూ కదులుతాయి. రెండోది పలకలాంటిది. వెలుగు తొట్టి అంతా సమంగా పరుచుకుంటుంది, ఆ మెరుపు ఉండదు.

"సర్దారూ, నాకైతే గా ఏలాడేది మనసున పడ్డది. నెత్తి మీది దీపం లెక్కనే ఉన్నది. కాని పొద్దంత చూసేది కోడలు పిల్ల. ఏది మంచిదో అడుగు."

నాకు తెలుసు. వేలాడే దాని కింద నడుమ ఉన్నవి బతుకుతాయి, మూలల్లో రాతి చాటున ఉన్నవి చీకట్లో పడతాయి. పలకే మంచిది. కానీ మామ మనసు పడ్డదాన్ని కోడలు వద్దనడమా? ఇది పని చేసి చూపించే జవాబు కాదు, నోటితో చెప్పాలి. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. "తొందరేం లేదని చెప్పు సర్దారూ. చెప్పబుద్ధైనప్పుడు చెప్తది" అని ఫోను జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రికి తీసుకెళ్లారు.

కరీంనగర్ నుంచి మామను తెచ్చి ముందు గదిలోనే, తొట్టి ముందు పడుకోబెట్టారు. ఇల్లంతా జనం. మామ అక్క ఏడుస్తూ ఏడుస్తూ తల ఎత్తి, "గా నీలి లైటు మొఖం మీద పడుతున్నది, చూడ బుద్ధైతలేదు. తీసెయ్యిర్రి" అంది. ఎవరో వైరు లాగేశారు. లైటుతో పాటు నీళ్లు తిప్పే మోటరు కూడా ఆగింది. అంత ఏడుపులోనూ ఆ చప్పుడు ఆగడం నాకు వినబడింది. లైటు లేకుండా పగడాలు కొన్ని రోజులు ఓర్చుకుంటాయి. నీళ్లు కదలకపోతే ఆ ఎండల్లో సాయంత్రం దాకా కూడా ఉండవు.

అత్త సోయిలో లేదు. నా భర్త బయట పాడె పనిలో ఉన్నాడు. ఎవరితో చెప్పించాలి? సర్దారు అప్పటికే పైకి వచ్చి నోరు తెరిచి మూస్తోంది.

"మోటరు పెట్టుర్రి" అన్నాను.

ఎవరూ వినలేదు. ఇంకోసారి అన్నాను, అరిచినట్టు వచ్చింది. "లైటు వద్దు. మోటరన్న పెట్టుర్రి. నీళ్లు కదలకుంటె అన్ని సచ్చిపోతయి."

ఏడుపులు ఆగాయి. "ఎవలే గా అరిసింది?" అంది మామ అక్క. "కోడలు" అన్నారెవరో. "మాట్లాడుతదా!" అందామె. అందరూ నా వైపే చూస్తున్నారు, మామ ముందే. అప్పుడు అత్త మామ ముఖం మీది నుంచి కళ్లు తీయకుండానే, "పెట్టుర్రి. దానికెర్కే" అంది. మోటరు తిరిగింది. మామ తల దగ్గర ప్రమిద, వెనక చీకటి తొట్టిలో నీళ్ల చప్పుడు.

దినాలు అయ్యాక నా భర్త, "దుకాణపాయనకు ఇచ్చేద్దాం. గిదంత ఎవలు చూస్తరు?" అన్నాడు. "నేను" అన్నాను. అతను నన్ను కొత్తగా చూశాడు. "మరి లైటు?" అన్నాడు. పలకది తెమ్మన్నాను.

లారీ ఎక్కే ముందు అతనే బిగించి వెళ్లాడు. చీకటికి అలవాటుపడ్డ పగడాలు కదా, నీలం బాగా తగ్గించి పెట్టాను. మామ కోరుకున్న మెరుపు ఇసుక మీద లేదు. అది లేని వెలితి నాకు రోజూ తెలుస్తూనే ఉంది. అత్త ఇప్పుడు బయటికి పోదు, లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఇంట్లో నీళ్ల చప్పుడు తప్ప మరేదీ వినబడదు. కుర్చీ ఎక్కడిదక్కడే ఉంది. సర్దారు ఆ కుర్చీ ఎదురుగా గాజు దగ్గరికి వచ్చి ఆగుతుంది, ఏదో చెప్తారని.

మొన్న పొద్దున మూలన రాతి చాటు పగడం విచ్చుకుంది. ఆరిన దీపాల కింద ఎన్నాళ్లో ముడుచుకుని ఉన్నది. నేను కుర్చీ పక్కకు వెళ్లి, తొట్టికి ఎదురుగా నిలబడ్డాను.

"సర్దారూ, మామకు చెప్పు" అన్నాను. "నాకు పలకదే మంచిగనిపించింది. మూలకున్నది గూడ విచ్చుకున్నది."

అది కాసేపు నా వైపే చూసింది. తర్వాత తిరిగి, రాళ్ల సందులోకి, నీలం చిక్కగా ఉన్న చోటికి వెళ్లిపోయింది. అది మళ్లీ వచ్చేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను.