నాకు ఆకు చదవడం నేర్పిన మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు నాకు ఐదో రోజున అందింది. వాడిపట్టి నుంచి ఉడుమలైపేట సంతకు ఎద్దులు తోలుకొచ్చిన ఆసామి ఒకడు, పత్తి చేలో ఉన్న నన్ను వెతుక్కుంటూ వచ్చి, గట్టు మీద నిలబడే ఆ మాట చెప్పి వెళ్లిపోయాడు. బండి కట్టించుకొని నేను ఆ ఊరు చేరడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. అప్పటికి బూడిద కూడా వైగైలో కలిపేశారు.

ఆమె ఎవరో మీకు తెలియదు. మా ఊళ్లో ఇప్పటి పిల్లలకే తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా మేనత్త భర్త, అంటే మా మామ, మా ఊరి నాటకమేళానికి వాద్యారు, అంటే ఆట నేర్పే గురువు. ఆ రోజుల్లో, కంపెనీ దొరల కాలంలో, అరవదేశంలోనే ఉన్నా మా చుట్టుపక్కల జమీందారులు మావాళ్లలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. జమీందారు ఉండే అరమనలో, ఎండలు మొదలయ్యే పంగుని నెల తిరునాళ్లకు తెలుగు ఆటే ఆడాలి. దానికి ఒక పరీక్ష ఉండేది. మేళం రాగానే అరమన వ్యవహారాలు చూసే కారియస్తుడు తన దగ్గరున్న కట్టలోంచి ఒక తాటాకు తీసి చేతికిస్తాడు. ఎన్నడూ చూడని ఆ ఆకును అక్కడికక్కడే చదువుతూ, పాత్రకు తగ్గట్టు పలకాలి. తడబడితే ఆ ఏటికి ఆట లేదు. మా మేళంలో అందరూ చెవితో విని పాఠం పట్టినవాళ్లే. ఆకు చదవగలిగింది మామ ఒక్కడే.

ఒక మార్గళి నెల చలిలో వాంతిభేది వచ్చి మామ పోయాడు. తిరునాళ్లకు మూడు నెలలు లేదు. మేళంవాళ్లు ఈ ఏడు పోవద్దనుకున్నారు. అప్పుడు అత్త నన్ను పిలిపించింది. నాకు ఇరవై రెండేళ్లు. పోయిన రెండేళ్లుగా మంత్రి వేషం కట్టేవాణ్ణి. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా వీధి అరుగు మీది తిన్నె బడిలో నేర్చిన రాత మాత్రం అరవం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

ఆమెకు వచ్చు. పాతికేళ్లు మామ పక్కన కూర్చొని ఆకులకు మసి పూసి తుడుస్తూ, అక్షరాలు నల్లగా తేలుతుంటే చూస్తూ, ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. ఆ సంగతి మామకు తప్ప ఎవరికీ తెలియదు.

మైలలో ఉన్న మనిషి పాఠం చెప్పడమేమిటని ఊళ్లో ఆడవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. మా అమ్మే వెళ్లి వద్దని చెప్పింది. అత్త వాదించలేదట. "ఏడ్చేది ఎప్పుడైనా ఏడుస్తాను వదినా, తిరునాళ్లు ఆగదు కదా" అని మాత్రం అందట.

రోజూ ఎండ నడినెత్తికి వచ్చే వేళకు వాళ్ల పెరటి పంచలో కూర్చునేవాళ్లం. తాటాకు చదవడం పుస్తకం చదవడం లాంటిది కాదు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. కొన్ని పాత ఆకుల్లో దీర్ఘమేదో హ్రస్వమేదో కూడా తేడా రాయరు. అంతా ఒకే గొలుసు. ఎక్కడ తెంపాలో కన్నే తేల్చుకోవాలి. ఒకనాడు మేళంవాళ్లు చూడడానికి వచ్చారు. వాళ్ల ముందు చదువుతూ, రాజు ఆమె కలలో కనిపించాడని ఉన్నచోట నేను గంభీరంగా, రాజు ఆ మేకలలో కనిపించాడని పలికాను. అందరూ పడిపడి నవ్వారు. అత్త నవ్వలేదు. నేను ఆగిపోయానని కోప్పడింది. తప్పు పలికితే ఆ తప్పునే నిలబెట్టి ముందుకు పొమ్మంది. మేకల్లో రాజును చూసినా రాజు రాజేనంది.

నేను చదివిన మేరను అత్త ఒక ఎండు ఆకుముక్కతో మూసేస్తూ వచ్చేది, నేను వెనక్కి చూడకుండా. మొదట్లో ఆ ముక్క నన్ను తరుముతున్నట్టుండేది. నెల గడిచేసరికి దాని కంటే ముందు నడవడం వచ్చింది. ఆమె అన్నింటికంటే ఎక్కువగా చెప్పింది ఇది:

"మన మాట కొనలో తెలుస్తుందప్పా. కోపమో, బతిమాలుడో, ఏడుపో, అంతా ఆ కొన మాటలో ఉంటుంది. నోరు మొదట్లో ఉండంగానే కన్ను కొనదాకా పోయి రావాల."

పంగుని వచ్చింది. అరమన లోపలికి ఆడవాళ్లను రానివ్వరు. అత్త మాతో బండిలో వచ్చి, గోడ బయట బండి నీడలో కూర్చుంది. లోపల కారియస్తుడు కట్ట విప్పి, మధ్యలోంచి ఒక ఆకు లాగి నా చేతికిచ్చాడు. అది ఒక తండ్రి మాట. అంతవరకు గుర్తుంది. కన్ను కొనకు పోయింది, అక్కడ ఏడుపు ఉందని చూసింది, నోరు ఆ గొంతుతోనే మొదలుపెట్టింది. ముంగిట్లో గుసగుసలు ఆగిపోవడం నాకు వినపడింది. చదవడం అయ్యాక కారియస్తుడు ఆకు తీసుకొని కట్టలో పెట్టేశాడు. ఆట ఆడమన్నాడు.

పరుగెత్తుకుంటూ బయటికి వచ్చి అత్తకు చెప్పాను. ఆమె ముఖంలో సంతోషం నేను అనుకున్నంత కనిపించలేదు. లేచి నిలబడి అడిగింది.

"ఏమి రాసుండాది, అప్పా, దాంట్లో?"

నోరు తెరిచాను. ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. అట్లా చూసి చదివింది లోపల నిలవదు. కంటిలో పడి నోటిలోంచి పోతుంది. ఒక తండ్రి ఏడుస్తున్నాడని చెప్పాను.

"కూతురి పేరు వచ్చిందా?"

వచ్చినట్టూ అనిపించింది, లేనట్టూ అనిపించింది. తెలియదు అత్తా అన్నాను.

వచ్చేటప్పుడు బండిలో చెప్పింది. పెళ్లయిన కొత్తలో వాళ్లకు ఒక కూతురు పుట్టి, మూడేళ్లు పెరిగి, అమ్మవారు పోసి పోయింది. ఆ ఏడే మామ ఒక ఆట రాశాడు. అందులో ఒక రాజు కూతురికి ఆ పిల్ల పేరే పెట్టాడు. ఇంట్లో ఆ ఆకులు చూస్తే తట్టుకోలేనని, నకలు కూడా తీయకుండా అరమనకు ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆ పేరు ఇంట్లో ఎవరూ పలకలేదు. ప్రతి ఏడూ పరీక్షలో ఆ ఆట ఆకు ఏదైనా మామ చేతికి వస్తుందేమో, ఇంటికి వచ్చి చెబుతాడేమో అని ఆమె చూసేది. పాతికేళ్లు రాలేదు.

నేను అబద్ధం చెప్పి ఉండవచ్చు. వచ్చింది అత్తా అని ఉంటే ఏం పోయేది? ఇరవై రెండేళ్లవాడికి ఆ బుద్ధి పుట్టలేదు. తర్వాత పుట్టినా పనికిరాలేదు.

మరుసటేడు జమీందారు పోయాడు. వారసుల తగాదాలో కలెక్టరు దొర మనుషులు అరమనకు తాళం వేశారు. ఆ కట్ట ఒక్కసారి చూడనివ్వమని అత్త నన్ను వెంటబెట్టుకొని వెళ్లి అడిగింది. కావలివాడు గుమ్మం ముందునుంచే పొమ్మన్నాడు. మేము మళ్లీ మళ్లీ వెళ్లాం. నాలుగోసారి వెళ్లినప్పుడు, లోపలివన్నీ చెదలు తినేశాయని చెప్పాడు. నిజమో, మమ్మల్ని వదిలించుకోవడానికి అన్నాడో తెలియదు. అత్త ఇంక అడగలేదు. తిరునాళ్లు మళ్లీ జరగలేదు. నా చేతికి ఇంకో ఆకు ఎన్నడూ రాలేదు.

తర్వాత కంపెనీ పోయి రాణి పాలన వచ్చిందన్నారు. మాకు వచ్చింది కరువు. మేళంలో సగం మంది అందులోనే పోయారు. నేను కాఫీ తోటల పనికి కొండెక్కాను. అత్తను వాడిపట్టిలో ఉన్న ఆమె మరిది వచ్చి తీసుకుపోయాడు. అక్కడికి రెండుసార్లే వెళ్లగలిగాను. రెండోసారికి ఆమె కళ్లలో పొర కమ్మింది. నా గొంతు విని గుర్తుపట్టి, చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది.

"నీకు దండగ చదువు చెప్పినానప్పా" అంది.

కాదన్నాను. ఆమె నమ్మలేదు. నాకూ అప్పుడు చెప్పడం చేతకాలేదు. ఎవరైనా నాతో మాట మొదలుపెడితే కొనదాకా ఆగి బదులిస్తాను. కొండ మీద దొరల మేస్త్రీలు తిట్టినప్పుడూ, ఇంట్లో పెళ్లాం పిల్లలు అలిగినప్పుడూ అంతే. ఆ ఓపిక ఆమె పెట్టిందే. కానీ ఆమె నాకు చదువు చెప్పింది దానికోసం కాదు. ఆమె కోరింది ఒకే ఒక్క మాట, అది నేను తెచ్చివ్వలేకపోయాను.

మొన్న వాడిపట్టిలో ఆ ఇంటి కోడలు ఆమె ఉన్న గది చూపించింది. చూపు పూర్తిగా పోయాక ఆమె ఒక మేకు దగ్గర పెట్టుకొని, మంచం పక్క గోడ మీద రోజూ గీసేదట. అవి అక్షరాలా అని అడిగాను. "మాకు అరవం తప్ప తెలియదు గదన్నా, పొద్దుపోక గీస్తుండాది అనుకున్నాము" అంది. పెద్దకర్మకు ముందు ఇల్లంతా శుద్ధి చేయాలని ఆ పొద్దున్నే సున్నం వేశారు.

తలుపు పూర్తిగా తెరిచి, వెలుతురు పక్కనుంచి పడేలా గోడకు చెంప ఆనించి చూశాను. రెండు పూతలు దట్టంగా వేశారు. ఒక్క గీత తేలలేదు. సున్నం ఇంకా ఆరలేదు. తడిమిన చెయ్యి మణికట్టుదాకా తెల్లబడింది. కోడలు చెంబుతో నీళ్లు తెచ్చి పోసింది. తెల్లటి నీళ్లు వాకిలి మట్టిలో కొంచెం దూరం పారి, ఇంకిపోయాయి.