పాతర మీది మంచం

ఉగాది మర్నాడు, సోమవారం, పొద్దు నడినెత్తికెక్కిన వేళ అది జరిగింది. మొన్న కదిరి సంతలో ఎవరో జొన్నల మూట విప్పితే, ఆ ముక్కిపోయిన వాసనకు మళ్లీ ఆ వాకిట్లోనే నిలబడ్డాను.

అప్పట్లో జొన్నలు పాతరలో దాచేవాళ్లం. వాకిట్లో మనిషిని మించిన లోతు గుంత, చుట్టూ గడ్డి, మూతికి బండ, బండ మీద మన్ను. కరువేడు అదే మా ప్రాణం. తడిగింజలకు లోపల విషగాలి పుడుతుంది, అందుకే మూత తీశాక గాలాడనిచ్చి, దీపం దించి, అది ఆరకపోతేనే దిగాలని పిల్లలకు కూడా తెలుసు.

మా నాయన నారాయణ, ఖాసీం మామ ఒక ఈడువాళ్లు. కలిసి మేకలు కాసి, పక్కచేలో వేరుశనక్కాయలు దొంగిలించి కాల్చుకుని, పీర్ల పండక్కి ఒకే పళ్లెంలో మలీద తిని పెరిగారు. తర్వాత ఊరు రెండు పార్టీలైంది. ఎవరి భూమి చేస్తుంటే వాళ్ల పార్టీ, ఇష్టంతో పనిలేదు. నాయన ఒక పార్టీలో పడ్డాడు, మామ ఇంకో పార్టీలో.

ఆ పొద్దున మావాళ్లలో ఒకడి చేయి తెగిపడింది. నరికింది మామ కాదు, కానీ దొరికింది మామే. భుజం చీలి రక్తం కారుతూ మా వాకిట్లోకి వచ్చిపడ్డాడు.

"నారణా, చంపుతారురా నన్ను!"

"అరవద్దు. దిగు!"

జొన్నలు తీయడానికి పాతర పొద్దున్నుంచి తెరిచే ఉంది. అడుగున తడిసిన గింజలు మాత్రం మిగిలాయి. నాయన బండ మూసి, మన్ను కప్పి, నెత్తుటి చుక్కల మీద అమ్మ చేత పేడనీళ్లు చల్లించి, పైన మంచం వాల్చుకుని కూర్చున్నాడు.

మా పార్టీ ఓబులేసు, అతని తమ్ముళ్లు గంగన్న, చిన్నప్ప కొడవళ్లతో వచ్చారు.

"ఏమప్పా, నీ దోస్తు యాడుండాడు? నీ పెండ్లాం వంటింట్లోనా?"

"ఈడికొచ్చింటే నేనే నరికింటాను కదన్నా" అని నాయన నవ్వాడు.

ఇల్లంతా వెతికారు, గడ్డివామిని పొడిచారు, కుండలు పగలగొట్టారు. పోతారనుకుంటే అదే మంచం మీద కూర్చున్నారు. "ఎండ మండతాండాది. చెల్లీ, నిన్నటి ఓళిగలు మిగిలిండాయా?"

నాయన కూడా తిన్నాడు. కింద బండను తట్టిన చప్పుడైంది. నాయన గట్టిగా దగ్గి, పెద్ద గొంతుతో ఏదో మోటు కథ ఎత్తుకున్నాడు. మామ భయపడి తడుతున్నాడనుకున్నాడు. పొద్దున్నుంచి గాలాడిన గుంతే కదా అని ధీమా. కాసేపటికి చప్పుడు ఆగింది. నాయన ముఖం తేటపడింది.

పొద్దు వాలాక వాళ్లు పోయారు. బండ జరిపి దీపం దించితే ఆరిపోయింది.

మర్నాడు పాతరలో మామ శవం ఉందని తెలిసి మావాళ్లు నాయనను భుజాల మీద ఊరేగించారు. "మాతో కూడా చెప్పకుండా పని ముగించినావు గదప్పా!" అన్నాడు ఓబులేసు. దించమని నాయన వాళ్లను కొట్టాడు, కరిచాడు. సంతోషం పట్టలేక అనుకున్నారు. కోర్టులో "దాచినాను సామీ" అంటే ఎదుటివాళ్లు ఉమ్మేశారు, మావాళ్లు భలే తెలివి అని మెచ్చుకున్నారు. యావజ్జీవం పడింది. తిరిగొచ్చాక కూడా ఊరు ఆయనకు భయపడి దారి ఇచ్చేది. ఆ దారిన ఆయన మళ్లీ నడవలేదు, ఇంట్లోనే పోయాడు.

ఇప్పుడు ఊళ్లో పాతరలు లేవు, పూడ్చి సిమెంటు వేశారు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఆ రోజు ఉన్నవాళ్లను నేనే రాస్తున్నాను. మంచం మీద ఓబులేసు, గంగన్న, చిన్నప్ప, మా నాయన నారాయణ. గడపలో అమ్మ నరసమ్మ, ఆమె కొంగు పట్టుకుని రామక్క, అంటే నేను. మంచం కింద ఖాసీం మామ.