తగ్గిందంటే సరిపోదు

పక్కింట్లో మిరియాల చారు పోపు ఘుమఘుమలాడుతోంది. "పాపకు జ్వరం తగ్గింది ఆంటీ, పథ్యం పెడతాండా" అని గోడ మీదుగా పాప తల్లి కేకేసింది. సంతోషించాల్సింది పోయి నాకు భయమేసింది. ఆ వాసనా, ఆ మాటా కలిసి వస్తే నాకు గ్రేసమ్మ గుర్తొస్తుంది.

గ్రేసమ్మ కల్లూరులో మా వెనకింటి ఆవిడ, రిటైరైన నర్సు. నా కొడుకు అప్పుడు ఒకటో తరగతి. డెంగీ వచ్చింది. డాక్టరు మందులిచ్చి ఇంటికి పంపాడు. ఒక పొద్దున వాడి ఒళ్ళు చల్లబడింది. కోడుమూరు నుంచి వచ్చిన మా అత్త "తగ్గింది" అని వీధంతా వినబడేలా చెప్పి, చారు పెట్టి, తలకు పోయడానికి నీళ్ళు కాచింది. మాకు ఆ మాట మీద మహా నమ్మకం. ఎండ తగ్గినా, కోపం తగ్గినా మేలే కదా. బోరులో నీళ్ళు తగ్గినప్పుడు మాత్రమే భయపడతాం.

గ్రేసమ్మ వచ్చి వాడి నుదురు ముట్టలేదు. దుప్పటి తీసి పాదాలు పట్టుకుంది.

"కాళ్ళు మంచుగడ్డ మాదిరుండాయే. పొద్దున్నుంచి ఒంటికి పోయినాడా?"

లేదన్నాను. కడుపు నొప్పంటున్నాడని కూడా చెప్పాను.

"ఆటో పిలువు. పెద్దాస్పత్రికి పోదాం."

మా అత్తకు ఒళ్ళు మండింది. "జ్వరం తగ్గినోన్ని యాడన్నా ఆస్పత్రికి తీస్కపోతారా? శుభమా అని పథ్యం పెడ్తాంటే!"

"జ్వరం తగ్గింది, నిజమే అక్కా. ఒంటేలూ తగ్గింది, మాటా తగ్గింది. డెంగీలో ఇదే గండం. నాది తప్పయితే రేపొచ్చి నీ కాళ్ళు పట్టుకుంటా. ఇప్పుడు బిడ్డనియ్యి."

అంత గట్టి మనిషి అలా తగ్గి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. మా అత్త పక్కకు జరిగింది.

ఆటోలో వాడు నా ఒళ్ళో వాలిపోయాడు. పిలిస్తే పలకడు. గ్రేసమ్మ దారంతా వాడి పాదాలు రుద్దుతూనే ఉంది. నేను నా దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, ఆమె దేవునికి కూడా. ఆస్పత్రిలో వెంటనే సెలైన్ పెట్టారు. సాయంత్రానికి వాడు కళ్ళు తెరిచి "అమ్మా, ఉచ్చ" అన్నాడు. నేను భోరున ఏడ్చాను. గ్రేసమ్మ అప్పుడు కూడా తగ్గిందనలేదు. మళ్ళీ పాదాలు పట్టి చూసి, "వెచ్చబడినాయి" అని ఊరుకుంది.

ఆమె పోయి ఏళ్ళయింది. ఈ రోజు చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరుగెత్తాను. పాప కళ్ళు మూసుకుని పడుకుంది. తల్లి గిన్నె పట్టుకుని అయోమయంగా చూసింది. దుప్పటి కిందికి చేయి పోనిచ్చాను. పాదాలు వెచ్చగా తగిలాయి. చక్కిలిగిలి పుట్టి పాప కాలు వెనక్కి లాక్కుంది.

"ఒంటికి పోయిందా?"

"ఇప్పుడే పోయొచ్చింది ఆంటీ."

"అయితే తగ్గిందమ్మా" అన్నాను. "పెట్టు."