నాలుగో పేజీ అడుగు వరుస

నేను పబ్లిషర్‌నయింది రాయడం వచ్చి కాదు. మా ఆయన ప్రభుత్వ బడిలో పంతులు. సర్కారు ఉద్యోగి తన పేరు మీద పత్రిక నడపకూడదు. అందుకని ఒక సోమవారం నన్ను నరసరావుపేట ఆర్డీవో ఆఫీసుకు తీసుకెళ్లి డిక్లరేషన్ కాగితాల మీద నాచేత సంతకాలు పెట్టించారు. ప్రింటరు, పబ్లిషరు, ఎడిటరు మూడూ నేనే. చదివే పెట్టావా అమ్మా అని అక్కడి గుమాస్తా అడిగాడు. చదివానన్నాను. నిజానికి చదవలేదు.

మాది నాలుగు పేజీల వారపత్రిక. వార్తలు రాసేది ఆయన. నేను ప్రూఫులు దిద్ది, గురువారం కాపీలు మడతలు పెట్టి, మాచర్లకూ గురజాలకూ కట్టలు కట్టి బస్సెక్కించేదాన్ని. చట్టం ప్రకారం నాలుగో పేజీ అడుగున పబ్లిషరు పేరు, చిరునామా వేయాలి. ప్రెస్సు మా ఇంటి ముందుగదిలోనే కాబట్టి అక్కడ మా ఇంటి డోరు నంబరే ఉండేది. చీమతలకాయంత అక్షరాలు. పద్దెనిమిదేళ్లు వారం వారం ఆ వరుసను దిద్దాను గానీ దాన్ని ఎవరైనా చదువుతారని నాకు తోచలేదు.

మొన్నటి ఎండాకాలం కాదు, అంతకు ముందటిది. అప్పటికి ఆయన రిటైరయ్యారు. కంటి ఆపరేషన్ కోసం గుంటూరులో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నారు. పత్రిక ఆగకూడదని నేను నరసరావుపేటలోనే ఉండిపోయాను. ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఒకామె వచ్చి గుమ్మంలో నిలబడింది. ముప్పై నిండాయో లేదో. రెంటచింతల దాటి లోపలికి వెళ్లాలట వాళ్ల ఊరు. రెండు బస్సులు మారి వచ్చింది. మంచినీళ్లిస్తే తాగకుండా గ్లాసు చేతిలోనే పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె భర్త రాతి క్వారీలో డ్రిల్లింగ్ పని చేసేవాడు. తొమ్మిది రోజుల కింద పొద్దున్నే బండి మీద పనికెళ్లాడు. మధ్యాహ్నానికి క్వారీ జీపులో శవమై వచ్చాడు. బండి కల్వర్టుకు గుద్దుకుందని తెచ్చినవాళ్లు చెప్పారు. ఒంటికి స్నానం చేయించి, కొత్త బట్టలు తొడిగి మరీ తెచ్చారు. పోలీసులంటే ఒళ్లంతా కోసి ఇస్తారు, ఎండలు చూస్తే ఇట్లా ఉన్నాయి అని ఊరి పెద్దమనుషులు తొందరపెట్టారు. పొద్దుగూకే లోపల చర్చి వెనక సమాధుల తోటలో పూడ్చడం కూడా అయిపోయింది.

"బండికి గీత కూడా పడలేదమ్మా," అంది. "ఆయన చెవుల్లో మాత్రం తెల్లదుమ్ము. స్నానం చేయించినోళ్లు చెవులు కడగలేదు."

అప్పటికే ఇద్దరు ముగ్గురు విలేకరుల దగ్గరికి తిరిగిందట. అందరూ రాసుకున్నారు, ఎవరూ వేయలేదు. సమాధి తవ్వించి పోస్టుమార్టం చేయించమని ఆర్డీవోకు అర్జీ రాసిచ్చాను. కూడబలుక్కుంటూ చదివి నా ముందే సంతకం పెట్టింది. పెట్టాక, నీళ్లు తాగింది.

మరునాడు నేనే ఆ ఊరు వెళ్లాను. జీపు వెంటే క్వారీవాళ్లు తెచ్చి అప్పగించిన బండి ఇంటి వెనక పట్టా కప్పి ఉంది. పట్టా తీసి నాలుగు వైపులా ఫోన్లో ఫోటోలు తీసుకున్నాను. అద్దాలు, హెడ్‌లైటు, ఇండికేటర్లు ఏవీ చెదరలేదు. ఇరుగుపొరుగును పలకరిద్దామని గడప దిగేసరికి, అంతవరకూ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు చాటలు పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. నేను రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డ గంటసేపూ ఎదురుగా వేపచెట్టు నీడలో ఒకతను మోటార్ సైకిలు మీద కూర్చునే ఉన్నాడు. ఫోన్ చూసుకోలేదు, సిగరెట్ తాగలేదు. బస్సు వచ్చాక దానికి ముందు తను కదిలాడు. రెంటచింతల స్టాండులో నేను దిగి పేట బస్సెక్కేదాకా అక్కడే ఉన్నాడు.

మా ఆయన గుంటూరు నుంచి వచ్చేసరికి పేజీ సిద్ధమైంది. కంటికి నల్లద్దాలు, చదవకూడదన్నారు. అంచేత నేను రాసినదాన్ని నేనే పైకి చదివి వినిపించాను. అన్నేళ్లూ ఆయన రాస్తే నేను దిద్దాను. ఆరోజు వరస తిరగబడింది. విని, తల అడ్డంగా ఊపారు.

"ఏమే, ఇది మనకొద్దు."

"అబద్ధమేమైనా ఉందా?"

"లేదు. అందుకే వద్దంటన్నా."

ఆయన పిరికివాడు కాదు. పల్నాడులో పుట్టి పెరిగినవాడు కనుక ఏ మాటకు ఏం జరుగుతుందో లెక్క తెలిసినవాడు. అడుగున ఉండేది నా పేరే కదా, వేస్తానన్నాను. ఆయన లేచి వెళ్లి పెరటి తలుపు గడియ వేసి వచ్చారు. పట్టపగలు ఆ తలుపు గడియ పడటం అదే మొదలు.

శుక్రవారం పొద్దున పత్రిక ఏజెంట్లకు చేరింది. పదింటికల్లా రెంటచింతల ఏజెంటు ఫోన్ చేసి, కట్ట మొత్తం అయిపోయింది, ఇంకా ఉంటే పంపమన్నాడు. నాకు గర్వం వేసింది, దాచుకోవడమెందుకు. కాసేపటికి గురజాల నుంచీ అదే మాట. అప్పుడు అనుమానమొచ్చి ఎవరు కొన్నారని అడిగాను. అన్నీ ఒకాయనే కొన్నాడమ్మా, కట్ట విప్పకుండానే కార్లో వేసుకెళ్లాడు అన్నాడు గురజాల ఏజెంటు.

సోమవారం పొద్దున ఒకాయన ప్రెస్సుకు వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, తెల్లచొక్కా, నెమ్మదైన మనిషి. చెప్పులు బయటే విప్పి వచ్చాడు. చేతిలో మా పత్రిక. నాలుగో పేజీ అడుగు వరుస పైకి కనబడేట్టు మడిచి ఉంది. నా పేరు తప్పులేకుండా చదివాడు.

"ఈ డోరు నంబరు ప్రెస్సుదా మేడమ్, ఇంటిదా?"

రెండూ ఒకటేనన్నాను.

"మంచిది. ఎతుక్కునే పని లేదు."

జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. శ్రద్ధాంజలి ప్రకటన. ఆకస్మిక మరణానికి చింతిస్తూ, వారి ఆత్మకు శాంతి కలగాలని కోరుకుంటూ, అన్నీ పద్ధతిగా రాసి ఉన్నాయి. పేరు ఉండాల్సిన చోట గీత ఉంది. ఫోటో లేదు. ఎవరికోసమని అడిగాను.

"అది ఇంకా తేలలేదు మేడమ్. మీరు స్థలం మాత్రం ఉంచండి."

లేచి దణ్ణం పెట్టి, వెళ్తూ గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లాడు.

ఆ కాగితం తీసుకుని స్టేషనుకు వెళ్లాను. అక్కడి అధికారి రెండు వైపులా తిప్పి చూసి, ప్రకటన ఇవ్వడం నేరం కాదు గదమ్మా అన్నాడు. కాగితం తన దగ్గరే పెట్టుకున్నాడు. ఇంటికొచ్చేసరికి మా ఆయన తెల్లపంచె కట్టుకుని బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు. తను రిటైరయ్యారు కనుక ఇప్పుడు పత్రిక తన పేరు మీదికి మార్చుకోవచ్చట, ఆర్డీవో ఆఫీసుకు పోదాం రమ్మన్నారు. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆయన నామీద ప్రేమను మాటల్లో చెప్పింది లేదు. ఆ కళ్లద్దాల వెనక కళ్లు కనబడకపోయినా, ఆరోజు నాకు అర్థమైంది. రానన్నాను. పేరు మారిస్తే తప్పు రాశామని ఒప్పుకున్నట్టే అన్నాను. ఆయన పంచె మార్చుకోకుండా అట్లాగే మంచం మీద పడుకున్నారు.

ఆ వారం స్థలం ఉంచలేదు. పై వారం కూడా పేజీ నిండా వార్తలే వేశాను. ఫోటో ఇవ్వడానికి ఎవరూ రాలేదు. కానీ వీధిలో ఏ బండి ఆగినా మేమిద్దరం మాట ఆపేసేవాళ్లం.

నెల తిరిగాక ఆర్డీవో ఉత్తర్వు వచ్చింది. సమాధి తవ్వి పోస్టుమార్టం చేయమని. తవ్వే రోజు వాళ్ల ఊరి సమాధుల తోటలో ఎనిమిది గంటలకే రెంటచింతల ఎండ నెత్తి మాడుస్తోంది. తహసీల్దారు, డాక్టరు, పోలీసులు, పారలతో నలుగురు కూలీలు వచ్చారు. రిటైర్మెంటుకు దగ్గర పడిన ఆడమనిషి తహసీల్దారు, గొడుగు కింద నిలబడి ఉంది. చివర్న అర్జీ పెట్టిన ఆ అమ్మాయి వచ్చింది. ఇటొకరు, అటొకరు ఊరి పెద్దలు. నావైపు చూడకుండా తహసీల్దారుకు చెప్పింది.

"నాకే అనుమానం లేదండీ. ఆ అర్జీ మీద సంతకం నాది కాదు."

పారలు ఎత్తినవాళ్లు దించారు. అర్జీ నా చేతిరాత. ఇక్కడితో ఆగిపోతే దొంగసంతకం చేసింది నేనే అవుతాను. తహసీల్దారు ఉత్తర్వు విప్పి మళ్లీ మొదటినుంచీ చదువుకుంది.

"ఇందులో అర్జీతోపాటు పేపర్లో వచ్చిన వార్త కూడా రాశారు. అది వేసిందెవరు?"

"నేనేనండీ."

"ఆ మాట మీద నిలబడతారా?"

పెద్దల్లో ఒకాయన నన్ను తాపీగా, పొలం కొలిచినట్టు, పైనుంచి కిందికి చూశాడు. నిలబడతానన్నాను. తహసీల్దారు ఉత్తర్వు మడిచి బ్యాగులో పెట్టుకుని, తవ్వండయ్యా అంది.

రెండు గంటలు పట్టింది. నేను పక్కకు వెళ్లలేదు, వెళ్తే భయపడ్డాననుకుంటారని. పక్కటెముకల మధ్య ఇరుక్కున్న రాతి పెచ్చులను డాక్టరు ఒక్కొక్కటే తీసి పళ్లెంలో వేస్తుంటే ఆ చప్పుడు అందరికీ వినబడింది. ఆ అమ్మాయి మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

క్వారీ మేస్త్రీ మీద, రాళ్లకు మందు పెట్టి పేల్చినవాడి మీద కేసు పెట్టారు. యజమాని పేరు ఎక్కడా లేదు. వానాకాలమంతా మూసి ఉన్న క్వారీ దసరా వెళ్లాక వేరే బోర్డుతో తెరిచారు. మాచర్ల ఏజెంటు ఇక కట్ట పంపొద్దన్నాడు. కారణం అడిగితే, పిల్లలు గలవాణ్ణక్కా అన్నాడు. ఇప్పుడు మునుపటిలో సగం కాపీలు వేస్తున్నాం. మా ఆయన కన్ను బాగుపడింది. మళ్లీ రాస్తున్నారు గానీ, ఆయన రాసినదాన్ని నేను దిద్దేటప్పుడు ఎక్కడెక్కడ మాట మెత్తబడిందో నాకు తెలుస్తూనే ఉంటుంది. అడగను.

గురజాల కోర్టులో కేసు నడుస్తోంది. సాక్షుల్లో నేనొకదాన్ని, ఆ అమ్మాయి ఒకతె. వాయిదాకు వెళ్లినప్పుడల్లా వరండాలో ఒకే బెంచీకి ఈ చివర నేను, ఆ చివర ఆమె. ఏడాది మాట్లాడుకోలేదు. మొన్నటి వాయిదాకు, ఆమెకు తోడొచ్చిన ఊరి మనిషి టీ తాగడానికి వెళ్లినప్పుడు, ముందుకే చూస్తూ అంది.

"సమాధి తవ్వే ముందురోజు పొద్దున్నే మా మరిదిని కారెక్కించుకొని పొయ్యారమ్మా. సంతకం నాది కాదన్నాకే ఇంటికి పంపిచ్చారు."

తెలుసన్నాను. నిజానికి తెలియదు. ఊహించానంతే.

"ఇప్పుడు బోనెక్కి ఏం చెప్పమంటారు?" అని అడిగింది.

వార్త వేయడానికి నేను ఎవరినీ అడగలేదు. ఆమె మాత్రం నన్ను అడుగుతోంది. ఈలోపు ఆ మనిషి టీ గ్లాసుతో తిరిగొచ్చి మా ఇద్దరి మధ్య ఖాళీలో కూర్చున్నాడు. లోపల ఆమె పేరు పిలిచారు. లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, వెనక్కి చూడకుండా వెళ్లింది. జడ్జిగారు సెలవులో ఉన్నారని అయిదు నిమిషాల్లో బయటికి పంపించారు. వాయిదా వచ్చే నెలకు వేశారు.